శ్రీమతి సరళరేఖగారికి

విమాన దూరాలు, ప్రయాణకాలాలు లెక్కగట్టే వెబ్‌సైట్‌లో, కడప విమానాశ్రయం నుంచి రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం వరకు కంప్యూటర్ తెరమీద వెలిగే సరళరేఖగారికి నమస్కారాలు.

తమరి పొడవు 435 కిలోమీటర్లని, ప్రయాణకాలం గంటా మూడు నిమిషాలని చూసిన రోజే మా అత్తగారికి ఫోన్ చేసి పులస తెప్పించమన్నాను. తప్పు నాదే. ఉత్త గంట అని ఉంటే అనుమానించేవాణ్ణి. ఆ మూడు నిమిషాలు చూసి నమ్మాను.

తమరు బద్వేలు మీదుగా బయల్దేరి, ఒంగోలును కుడిపక్కన వదిలి, చీరాల దాటి, కొల్లేరు మీదుగా గోదావరి చేరతారు. చూడముచ్చటైన దారి. అందులో ఎగిరేవి మాత్రం కొల్లేరు గూడబాతులే. ఆ దారిన విమానం లేదు. పిల్లవాడి జీతం పైసలతో సహా చెప్పి, ఉద్యోగం లేదన్న సంగతి మరిచిపోయిన పెళ్ళిళ్ళ పేరయ్యలు తమరు.

తరువాత ఆరా తీస్తే లెక్క బయటపడింది. దూరాన్ని గంటకు 800 చొప్పున భాగించి, లేవడానికీ దిగడానికీ అరగంట కలిపారు. 800 వేగం జెట్ విమానానిది. మా కడపలో దిగేది రెక్కలకు పంకాలు తిరిగే ఏటీఆర్. గట్టిగా తోలితే 500.

నేను వెళ్ళిన దారి చెబుతాను. ఈశాన్యాన ఉన్న ఊరికి ముందు ఉత్తరంగా, అదీ కాస్త పడమరకు ఒరిగి, శంషాబాద్ దాకా 300 కిలోమీటర్లు. అక్కడ ఆరు గంటల నిరీక్షణ. ఇంట్లో కట్టిచ్చిన కారందోసెలు నాలుగో గంటలో విప్పాను. చల్లారి అట్టలయ్యాయి. కాగితానికి అంటుకున్న ఎర్రకారాన్ని వేలితో తీసి నాకుతుండగా అత్తగారి ఫోను.

"ఎక్కడిదాకా వచ్చారండీ అల్లుడుగారూ?"

"హైదరాబాదు అత్తయ్యగారూ."

"అదేమిటి, మా ఊరికని కదా బయల్దేరారు?"

అక్కణ్ణుంచి ఇంకో 360.

2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ళకు చౌకగా విమానాలు నడపాలన్న ఉడాన్ పథకం కింద విమానాలు మొదలైన రోజు ఎగిరిన దారుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. 500 కిలోమీటర్లు, గంట ప్రయాణం, 2,500 రూపాయలు అన్నారు. ఆ కొలతలో తమరూ చక్కగా ఇముడుతారు. కానీ వియ్యంకులిద్దరూ చిన్న ఊళ్ళవాళ్ళైతే మాట్లాడుకోవడానికి మధ్యలో హైదరాబాద్ పెద్దమనిషి ఉండాల్సిందే కాబోలు.

మా తిరుమల ఎక్స్‌ప్రెస్‌కు ఇంత గణితం రాదు. తిరుపతి, గూడూరు, విజయవాడ అందరినీ పలకరిస్తూ రాత్రంతా పోతుంది. అయినా ఎక్కినవాణ్ణి ఎక్కినచోటే నిద్రపుచ్చి రాజమండ్రిలో లేపుతుంది. మధ్యలో దింపి బెల్టు విప్పమనదు.

రాత్రి పదింటికి ఇల్లు చేరాను. అత్తగారు నా మొహం చూసి, "పోనీలెండి, పులస పులుసు మర్నాటికే రుచి" అన్నారు. సముద్రంలోంచి గోదారికి ఎదురీదుకుంటూ వచ్చిన ఆ చేప నాకంటే ముందే చేరి, పొయ్యి దిగి, మూతకింద పడుకుని ఉంది.

ఇట్లు,
తమరిని నమ్మిన కడప అల్లుడు

తా.క.: తిరుగు ప్రయాణానికీ తమరు గంటా మూడు నిమిషాలే చూపిస్తున్నారు. రైలు టికెట్టు వెయిటింగ్ లిస్టులో 42 దగ్గర ఉంది. అదే ఖాయం చేసుకున్నాను.