పంచుకున్న విమానం, పంచుకోని నిజం

కొందరు కలిసి కొనుక్కున్న చిన్న విమానం వార్షిక తనిఖీకి వచ్చింది అనుకుందాం. మెకానిక్ ఇంజిన్ మీది కప్పు విప్పి చూస్తే, ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు ముడతలు పడి ఉంది. రెండు మూడు రివెట్లు సడలాయి. దిగేటప్పుడు ముక్కు చక్రం ముందుగా నేలను గుద్దితే తగిలే దెబ్బ ఇది. సెస్నా 182 విమానాల్లో బాగా ఎరిగినదే. లాగ్‌బుక్‌లో మాత్రం దాని ఊసే లేదు.

వెంటనే వేట మొదలవుతుంది: చివరగా నడిపిందెవరు? ఈ వేట దండగ. ముడత ఏ రోజు పడిందో రేకు చెప్పదు. ఎగిరే ముందు చుట్టూ తిరిగి చూసుకున్నా కప్పు కింద ఉన్నది కంటపడదు. గట్టిగా దిగిందని తెలిసినా, లోపల రేకు వంగిందని ఆ పైలట్‌కే తెలియకపోవచ్చు.

అన్నీ ఇంత అమాయకమైన దెబ్బలు కావు. ప్రొపెల్లర్ నేలకు తగిలితే తగిలించినవాడికి తెలియకుండా ఉండదు. గాటును ఆకురాయితో నున్నగా రుద్దేసి ఊరుకునేవాళ్లూ లేకపోలేదు. కానీ ఆ అదురు ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ దాకా పాకుతుంది. అందుకే అలాంటప్పుడు ఇంజిన్ విప్పి చూడడమే క్షేమమని ఇంజిన్ల తయారీదారు లైకమింగ్ చెబుతుంది. ఆ ఖర్చు తక్కువేం కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

చాలా బృందాల్లో ఒక నియమం ఉంటుంది: ఎవరి చేతిలో దెబ్బతింటే, బీమా కంపెనీ భరించని మొత్తం వారే కట్టాలి. వినడానికి న్యాయంగానే ఉంది. నలుగురి భాగస్వామ్యంలో లెక్క వేయండి. నిజం చెబితే మొత్తం మీదే. నోరు మెదపకపోతే దోషి తేలక అందరూ పంచుకుంటారు, మీకు పడేది పావు వంతు. మౌనానికి ఇంత తగ్గింపు ఇచ్చే నియమం పెట్టుకుని, నిజాయితీ లేదని వాపోవడం ఏమిటి?

దాచిన దెబ్బ ఎక్కడ బయటపడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. 2005 డిసెంబర్ 26న సియాటిల్‌లో సామాను సిబ్బంది వాహనం తగిలి అలాస్కా ఎయిర్‌లైన్స్ ఎండీ-83 ప్రయాణికుల విమానం పక్క రేకు నలిగింది. తగిలించిన ఉద్యోగి చెప్పలేదు. దాదాపు 26 వేల అడుగుల ఎత్తులో అక్కడే చిల్లు పడి క్యాబిన్‌లో పీడనం పడిపోయింది. విమానం క్షేమంగా వెనక్కి దిగడం అదృష్టం.

అమెరికాలో నాసా 1976 నుంచి నడుపుతున్న విమాన భద్రతా నివేదన వ్యవస్థ మౌనానికే లాభమనే ఈ లెక్కను తలకిందులు చేసింది. తెలియక చేసిన ఉల్లంఘనను 10 రోజుల్లోగా చెప్పుకుంటే, కొన్ని షరతులతో, శిక్ష తప్పుతుంది. ప్రమాదాలకూ నేరాలకూ అది వర్తించదు. చిన్న బృందాలూ ఇదే దారి పట్టవచ్చు: అదే రోజు చెబితే ఖర్చు ఉమ్మడి నిధి నుంచి, దాచినట్టు తేలితే మొత్తం దాచినవారి నుంచి.

అలా అయితే అజాగ్రత్త పెరగదా అని అడుగుతారు. నాకలా అనిపించదు. మాటిమాటికీ గట్టిగా దింపుతున్నదెవరో తెలిస్తే శిక్షకుడితో మళ్లీ సాధన చేయించవచ్చు. తెలియకపోతే, కొత్త ఫైర్‌వాల్ వేయించాక కూడా విమానాన్ని దింపేది ఆ చేతులే.