అంటే... మొక్కలా?

మొన్న న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాం. గుత్తివంకాయ వడ్డిస్తుండగా మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, పది మందికీ వినబడేలా అడిగారు.

"ఇంతకీ అమ్మాయి మేజర్ ఏంటన్నారు బావగారూ?"

"ఎకాలజీ అండీ."

ఆయన నోట్లో ముద్ద మింగి, కాస్త ఆగి, "అంటే... మొక్కలా?" అన్నారు.

మొక్కలొక్కటే కాదు, ప్రాణులకీ వాటి చుట్టూ ఉన్న నేలకీ నీళ్లకీ ఉన్న సంబంధం గురించిన చదువు అది. అయినా ఈ మూడేళ్లలో ఈ ప్రశ్న ఒక నలభై సార్లు విని ఉంటాను. మొక్కల కన్నా ముందొచ్చే ఆ చిన్న విరామం ఉంది చూశారూ, అది మీకూ తెలిసిందే. ఎవరైనా పోయారని కబురొస్తే "అంటే... హార్టా?" అని అడుగుతాం కదా, అచ్చం అదే విరామం. గొంతు కూడా అదే. ఆ తర్వాత చెయ్యి వచ్చి భుజం మీద పడటం కూడా అదే.

దీనికి తోడు కాలేజీ. లిబరల్ ఆర్ట్స్ అనగానే సగం మంది డ్రాయింగ్ అనుకుంటారు, మిగతా సగం ఏదో పార్టీ అనుకుంటారు. ఇదివరకు ఓపిగ్గా వివరించేవాణ్ణి. చిన్న కాలేజీ అండీ, దాదాపు అంతా డిగ్రీ పిల్లలే. పీహెచ్‌డీ వాళ్లు ఉండరు కాబట్టి ప్రొఫెసరు బురదలో దిగాలంటే వీళ్లనే వెంటేసుకుని దిగాలి. క్లాసులో పద్నాలుగు మంది. మేజర్ ఏంటో రెండో ఏడు దాకా తేల్చుకోనక్కర్లేదు. మా అమ్మాయి మొదటి ఏడు గ్రీకు నాటకాలు, స్టాటిస్టిక్స్, మట్టి చదివింది. అవును, మట్టి. ఒక సెమిస్టరంతా. ఈ సంగతి ఇంతవరకు ఏ ఫంక్షన్‌లోనూ బయటపెట్టలేదు. నాకూ పరువుంది.

కానీ ఆ రోజు వంకాయ బాగా కుదిరింది. ఆ మైకంలో అమ్మాయి సీనియర్ థీసిస్ గురించి నోరు జారాను.

అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్‌లో సాలమాండర్ అని ఒక ప్రాణి ఉంటుంది. చూడ్డానికి బల్లి, చుట్టరికం కప్పలతో. నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు. ఏడాదిలో చాలా భాగం అడవిలో నేల కిందే ఉంటుంది. మంచు కరిగి, మొదటి వెచ్చటి వాన పడిన రాత్రి బయటికొచ్చి, తను పుట్టిన వాన గుంటకే గుడ్లు పెట్టడానికి నడిచి వెళుతుంది. ఎండాకాలంలో ఆ గుంట ఎండిపోతుంది, అందుకని చేపలుండవు. చేపలు లేవు గనక గుడ్లు బతుకుతాయి. అడవికీ గుంటకీ మధ్య మనుషులు రోడ్డేశారు. మా అమ్మాయీ ఇంకో ఐదుగురూ అర్ధరాత్రి వానలో టార్చిలైట్లు పట్టుకుని, కార్లు ఆపి, ఎన్ని దాటాయి, ఎన్ని టైర్ల కింద పడ్డాయి అని రాసుకుంటారు.

టేబుల్ మీద నిశ్శబ్దం. పెరుగు వడ్డించే కుర్రాడు కూడా ఆగిపోయాడు.

"రాత్రిపూట," అన్నారు బావగారు వేలు మడుస్తూ. "వానలో రోడ్డు మీద. ఆడపిల్ల. బల్లుల్ని దాటించడానికి." నాలుగు వేళ్లు అయ్యాయి. బొటనవేలు మిగిలింది. "దీనికి ఫీజు మనమే కడతామా?"

ఎదురుగా రెస్టారెంట్ నడిపే ఆయన ఉన్నారు. ఆయనకి మరో సందేహం. "సాలమాండర్ మా కిచెన్‌లో ఉందండీ. పైనుంచి మంట వచ్చే గ్రిల్లు. అది రోడ్డు దాటడమేంటి?"

దీని మీద చర్చ పావుగంట నడిచింది. ఒకాయన ఫోన్ తీసి బొమ్మ చూపించారు. గ్రిల్లు బొమ్మే వచ్చింది. ఇంకొకాయన నా క్షేమం కోరి, "పోనీ ప్రీ-మెడ్‌లోకి మారొచ్చా? అదీ ప్రాణాలు కాపాడ్డమేగా," అన్నారు. చివర్లో ఒక పెద్దాయన, డేటా రంగంలో ముప్పయ్యేళ్ల అనుభవం, సమస్యని ఒక్క మాటతో తేల్చేశారు. "లెక్కపెడుతోంది కదా? డేటా సైన్స్ అని చెప్పుకోండి. ఎవడొచ్చి చూస్తాడు?" అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెరుగు మళ్లీ కదిలింది.

ఇక్కడ రాబర్ట్ మెకార్థర్ అనే ఒక దురదృష్టవంతుడైన ఎకాలజిస్టు సంగతి చెప్పాలి. వెర్మాంట్‌లో మార్ల్‌బరో అనే బుల్లి కాలేజీలో లెక్కలు చదివాడు. తర్వాత స్ప్రూస్ చెట్ల కింద నిలబడి, ఒకే చెట్టు మీద ఐదు రకాల పిట్టలు కొట్టుకు చావకుండా ఎలా బతుకుతున్నాయో చూశాడు. ఒకటి కొమ్మ చివర, ఒకటి లోపల, ఒకటి పైన, ఒకటి కింద: వాటా పంచుకున్నాయి. 1958లో ఆ పిట్టల మీద రాసిన పేపరు ఇప్పటికీ పాఠం. లెక్కలు వచ్చిన కుర్రాడు పిట్టల్ని చూస్తూ నిలబడ్డాడంటే వాళ్ల బావగార్లు ఏమన్నారో చరిత్రలో నమోదు కాలేదు. 1967లో ఇ.ఓ.విల్సన్ అనే జీవశాస్త్రవేత్త‌తో కలిసి ద్వీపాల సిద్ధాంతం రాశాడు. ద్వీపం ఎంత చిన్నదైతే దాని మీది జాతులు అంతరించే అవకాశం అంత ఎక్కువ అని అందులో ఒక ముక్క. ఆయన చదివిన ఆ చిన్న కాలేజీ 2020లో మూతపడింది. సిద్ధాంతాన్ని ఇంత శ్రద్ధగా పాటించిన విద్యాసంస్థ ఇంకోటి ఉండదు.

సరే, బావగారింటికి వద్దాం. ఆయన లాన్ చూసి తీరాలి. ఒక్క పసుపు పువ్వు మొలవదు, ఒక్క పురుగు వాలదు. మందు కొట్టించిన రోజు చిన్న జెండా పాతి, పిల్లల్నీ కుక్కల్నీ గడ్డి మీదికి రానివ్వరు. ఆ మందూ ఎరువూ వానకి కొట్టుకుపోయి ఎక్కడ తేలతాయో ఆయనకి పట్టదు. ఇదే రాష్ట్రంలో 2019 వేసవిలో హోపాట్‌కాంగ్ సరస్సులో విషపు నాచు పేరుకుని, నీళ్లలో దిగొద్దని ప్రభుత్వమే చెప్పింది. ఆయన మాత్రం ఆ వేసవంతా మా ఇంటికొచ్చి, గడ్డిలో పసుపు పువ్వుల డాండిలయన్లు చూసి నాలుక చప్పరించారు. వాళ్లబ్బాయి కంప్యూటర్ సైన్సే. పదకొండు నెలల నుంచి లింక్డిన్ ఫొటో చుట్టూ 'ఓపెన్ టు వర్క్' ఆకుపచ్చ గుండ్రం. ఆ ఇంట్లో మందు కొట్టకుండా పెరిగిన పచ్చదనం అదొక్కటే. కుర్రాడు మంచివాడు, వాణ్ణేమీ అనను.

కానీ బావగార్ని అంటాను. హైదరాబాద్ శివార్లలో మీరు కట్టించిన ఇల్లు ఎక్కడుందండీ? చెరువు పేరే కాలనీకి పెట్టారు. చెరువేదీ? 2020 అక్టోబర్ 13 రాత్రి వాన పడితే, మా అత్తగారు, మీ కన్నతల్లి, మేడ మీద ఒక్కరే మూడు రోజులు కరెంటు లేకుండా కూర్చున్నారు. కింద వంటింట్లో గ్యాస్ సిలిండర్ తేలుతోంది. మీరు ఇక్కడినుంచి ఫోన్లో మున్సిపాలిటీని తిట్టారు. మున్సిపాలిటీకి ఆ తిట్లు తక్కువే, కాదనను. కానీ ఆ నీళ్లు ఎక్కడినుంచో దండెత్తి రాలేదు. పై చెరువు నిండి, అలుగు పారి, కింది చెరువుకి బయల్దేరాయి. కింది చెరువులో మీ సోఫా సెట్ ఉంది. గొలుసుకట్టు చెరువులంటే ఏంటో, చెరువు నిండితే మునిగే శిఖం భూమి అంటే ఏంటో మీ తాతగారికి తెలుసు. ఆయన బడికి కూడా పోలేదు. మీరు రెండు మాస్టర్స్ చేసి, అడక్కుండా, కొలవకుండా, ఏజెంటు చూపించిన రంగుల బ్రోషర్ నమ్మి తల్లిని తీసుకెళ్లి చెరువులో కూర్చోబెట్టారు. అడిగే పిల్ల ఒకత్తి ఇంట్లో పుడితే, మొక్కలా అంటారా? నీళ్లు కూడా ఆ బల్లుల్లాంటివే బావగారూ. పాత గుంట దారి మర్చిపోవు, మీరెన్ని రోడ్లేసినా.

ఇదంతా ఆయన మొహం మీద అనలేదు. పాయసం తిని వచ్చేశాను.

ఆ వారమే మా అత్తగారు మనవరాలికి వీడియో కాల్ చేశారు. "ఎన్ని దాటాయే?" అన్నారు. "రెండొందల పద్నాలుగు అమ్మమ్మా." "ఎన్ని పోయాయి?" "ముప్పై ఒకటి." "ఆ రోడ్డు కింద ఒక తూము పెట్టలేరూ?" థీసిస్ మూడో అధ్యాయం సరిగ్గా అదే.

నిన్న బావగారు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. చెరువుల్లో కట్టిన ఇళ్లు కూల్చే హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చినప్పటినుంచి ఇల్లు కొనడానికి వచ్చే ప్రతివాడూ ఎఫ్‌టీఎల్ అంటున్నాడట, అంటే నిండినప్పుడు చెరువు ఎక్కడిదాకా వస్తుందో ఆ గీత. "అమ్మాయికి ఈ మ్యాపులవీ వచ్చు కదా, కొంచెం చూసి పెట్టమనండి. ఫ్యామిలీయే కదా."

అమ్మాయి పాత టోపో షీటు, అంటే సర్వే మ్యాపు మీద కాలనీని పరిచి పంపింది. చెరువంతా నీలం. ఇల్లు నీలం మధ్యలో.

రెండు టిక్కులూ నీలమయ్యాయి. కాసేపటికి జవాబొచ్చింది. "చాలా బావుంది. ఆ కలర్ మార్చడం కుదురుతుందేమో అడగండి."