చేపకు వాటా ఏది?

శ్రీశైలంలో కరెంటుకు ఎన్ని నీళ్లు వదిలారని రెండు తెలుగు రాష్ట్రాలు ఏటా కొట్లాడుకుంటాయి. లేఖలు, నీటి పంపకాలు చూసే కృష్ణా బోర్డు సమావేశాలు, కోర్టులు. ఇన్ని లెక్కల్లో చేప మాట ఒక్కరి నోటా రాదు.

జలవిద్యుత్తు నీటిని ఖర్చు చేయదని, టర్బైన్ తిప్పి మళ్లీ నదిలోకే పంపుతుందని ఇంజినీర్లు అంటారు. బొగ్గు పొగ కన్నా మేలన్నదీ నిజమే. కానీ ఎక్కడ వదులుతున్నారు, ఎప్పుడు వదులుతున్నారు? గోదావరి వైపు పోయే సీలేరు నీటిని దొనకరాయి జలాశయం నుంచి కాలువలోకి మళ్లించి పొల్లూరు పవర్‌హౌస్‌కు పంపుతున్నారు. ఆ మధ్యలో అసలు ఏటికి మిగిలేదెంత? పవర్‌హౌస్‌ల కింద సాయంత్రం డిమాండ్ వేళకు నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి, అది తగ్గగానే పడిపోతాయి. ఒడ్డు గడ్డిలో పెట్టిన గుడ్లు తెల్లారాక ఎండకు మాడతాయి. లోతైన జలాశయం అడుగు నుంచి వచ్చే నీళ్లు చల్లగా ఉంటాయి, వాటిలో ఆక్సిజనూ తక్కువే. వరద కొత్తనీరు తగిలితే గుడ్లు పెట్టే వాలుగ లాంటి చేప ఆ నీళ్లలో ఏం కావాలి?

కృష్ణ మీద శ్రీశైలం, సాగర్, దాని దిగువ టెయిల్‌పాండ్ ఆనకట్ట, పులిచింతల, మన ప్రకాశం బ్యారేజీ. ఎదురీదే చేపకు ఐదు గోడలు. సముద్రం నుంచి ఎదురీదే ఇలస, అదే మన పులస, ఒకప్పుడు కృష్ణలోనూ ఎక్కేది. ఇప్పుడు పులస అంటే గోదావరి పేరే చెబుతాం.

ఇది తెలియక జరుగుతున్నది కాదు. పోలవరం స్పిల్‌వేలో పులస కోసం ఫిష్ ల్యాడర్, అంటే చేప ఎగువకు ఎక్కే దారి, కట్టారు. అంటే గోడ కడితే చేపకు దారి వదలాలని ప్రభుత్వానికి తెలుసు. గంగకు 2018లో కేంద్రం కనీస ప్రవాహాన్ని నోటిఫై చేసింది. అంటే కొంత నీరు నది కోసమే ఉండాలని ఢిల్లీకీ తెలుసు. అయినా పర్యావరణ అనుమతులపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం 25 మెగావాట్ల లోపు జలవిద్యుత్ ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతే అక్కర్లేదు. ఏటి మీద చిన్నవి వరసగా కట్టుకుంటూ పోతే ఆపేదెవరు?

ఇక జలాశయాల్లో బొచ్చె, శీలావతి, మోసు పిల్లల్ని వదిలి, ఫొటోలు దిగి, మత్స్య సంపద పెంచామంటారు. మూడు రకాల టన్నులు పెరగడం వేరు. జెల్లలు, బొమ్మిడాయిలు, పరిగెలు ఏట్లో తమంతట తాము బతకడం వేరు. ఈ తేడా మత్స్యశాఖకు తెలియదా? తెలుసు.

కృష్ణా బోర్డు ముందు కూర్చునేవాళ్లు సాగు, తాగు, కరెంటు పక్కన ఈసారి చేపకూ ఒక పద్దు రాయాలి. అంతకుముందు, ఎండాకాలంలో ఒక్కసారి బ్యారేజీ మీద కారు దిగి, దిగువన ఇసుక మేటల మధ్య మిగిలిన మడుగుల్లో వల విసురుతున్న జాలరిని చూడాలి. చూశాక కూడా రాయకపోతే, తెలియక రాయలేదని మాత్రం చెప్పొద్దు.