మనసు విప్పడంపై ఒక అభ్యంతరపత్రం

కౌన్సెలింగ్ అనే అలవాటు మన తెలుగు ఇళ్లలోకి చొరబడుతున్న తీరును నేను తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. ముప్పయ్యొక్క ఏళ్లు ఒక కార్యాలయపు రికార్డు గదిలో పనిచేసి, మొన్న జూన్ నెలాఖరున శాలువా, దండ, గోడ గడియారంతో ఇల్లు చేరినవాణ్ణి కనుక, పూర్వాపరాలు పరిశీలించకుండా దేనినీ వ్యతిరేకించే స్వభావం నాది కాదని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

కష్టం చెప్పుకున్నవాడికి సలహా దొరకకపోవడమన్నది మన సమాజంలో ఏనాడూ లేని సమస్య. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని నేను ఒక్క మాట అన్నందుకు మా బావగారు అరుణాచలం వెళ్లి పద్నాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేయమన్నారు. మా పిన్ని దిష్టి తీసింది. పక్కింటాయన షుగరు పరీక్ష చేయించుకోమని చెప్పి, తన పరీక్షల ఫైలు మొత్తం తెచ్చి చదివి వినిపించారు. నిద్ర ఎందుకు పట్టడం లేదని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే నేను జవాబు చెప్పే ప్రమాదముంది, అది విందామంటే సలహాకు వేళ మించిపోతుంది. పైగా పిన్ని చెవిన వేసిన మాట సాయంత్రానికల్లా తెనాలి నుంచి టెక్సాస్ దాకా అందరికీ అందింది. ఇంత సమర్థమైన పంపిణీ వ్యవస్థ మనకుండగా, చికిత్స పొందేవారి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించడం బంధుత్వాలను చిన్నచూపు చూడడమే అవుతుంది.

దాంపత్యంలో ఉద్వేగాలను ఎలా వ్యక్తపరచాలో కూడా మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కరలేదు. పెళ్లిలోనే వరుణ్ణి అలకపాన్పు మీద కూర్చోబెట్టి, నోరు తెరవకుండా మొహం ముడుచుకుంటే కోరింది కాళ్ల దగ్గరికి వస్తుందని శాస్త్రోక్తంగా శిక్షణ ఇస్తున్నాం. ఆ తర్వాత ముప్పయ్యేళ్లపాటు అతడు మొహం ముడుచుకునే ఉంటే దానిని గాంభీర్యమంటున్నాం. ఇక భార్యాభర్తలు కౌన్సెలర్ మొహం చూడదగిన స్థలం మన ఆచారం ప్రకారం ఒక్కటే, అది ఫ్యామిలీ కోర్టు వరండా. ఇల్లు పూర్తిగా తగలబడ్డాకనే ఫైరింజనుకు ఫోన్ చేయడంలో మన నిబ్బరం కనిపిస్తుంది. అంతకుముందే వెళ్దామన్నవాణ్ణి “ఏం, ఎర్రగడ్డ కేసా?” అని పలకరించి, హైదరాబాదులోని ఒక ప్రభుత్వాసుపత్రి ఉన్న పేట పేరును తిట్టుగా మార్చుకున్న ఘనత కూడా మనదే.

నా విషయంలో చిచ్చు పెట్టినది పోపుల డబ్బా. పదవీ విరమణ చేసిన మూడవ రోజున, వంటింట్లో రికార్డుల నిర్వహణ లోపభూయిష్టంగా ఉన్నట్టు గమనించి, ఆ డబ్బాలోని ఏడు గిన్నెలను అక్షరక్రమంలో అమర్చాను. ఆవాలు మొదటికి వచ్చాయి, ఆవాలుండే చోటికి మెంతులు వెళ్లాయి. మా ఆవిడ చెయ్యి మాత్రం చూడకుండానే పాత చోటికి వెళ్లింది. ఆ రోజు వంకాయ పులుసు చేదెక్కింది. నేను మాట్లాడకుండా తిన్నాను, ఆమె మాట్లాడకుండా వడ్డించింది, ఆపైన పదకొండు రోజులు ఇద్దరం మాట్లాడకుండానే ఉన్నాం. “నాన్నకి అన్నం పెట్టేశానని చెప్పవే” అని ఆమె డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేస్తే, మా అమ్మాయి అర్ధరాత్రి లేచి ఆ కబురు పక్క గదిలో ఉన్న నాకు చేరవేసేది. ఈ ఏర్పాటు సజావుగా సాగుతుండగా, ఆ పిల్ల ఓపిక నశించి, నన్ను వీడియోలో ఒక కౌన్సెలర్ ముందు కూర్చోబెట్టింది.

మా అమ్మాయి ఈడే ఉన్న ఆ కౌన్సెలర్ నాకొక పాత పట్టిక చూపించింది. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికన్లు జీవితంలో వచ్చే మార్పులను నలభైమూడుగా లెక్కగట్టి, ఒక్కొక్కటి మనిషిని ఎంత కుదుపుతుందో మార్కులు వేశారట. జీవిత భాగస్వామి మరణానికి 100, విడాకులకు 73, పెళ్లికి 50, ఉద్యోగం ఊడితే 47, పదవీ విరమణకు 45. ఉద్యోగం పోవడం కంటే పెళ్లే పెద్ద కుదుపని తేల్చిన వారి నిజాయితీకి నమస్కరించవలసిందే గాని, అత్తింటివారితో తగవులకు 29 మార్కులతో సరిపెట్టడం, క్రిస్మస్‌కు 12 మాత్రమే ఇవ్వడం చూస్తే, వారు కొత్త అల్లుడి హోదాలో భీమవరంలో ఒక్క సంక్రాంతి కూడా గడపలేదని స్పష్టమవుతుంది. నాకు నచ్చనిది మరొకటి ఉంది. శాలువా కప్పి పంపిన దానిని వారు కుదుపుల జాబితాలో రాశారు.

ఆ రోజు మీకేమనిపించిందని ఆమె అడిగింది. మెంతులు ఎక్కువయ్యాయనిపించిందన్నాను. అది అభిప్రాయం సార్, నేనడిగింది మనసులో ఏం కలిగిందని, అంది. ఆకలి అన్నాను. బెంగ, దిగులు, గుబులు, కినుక, ఉక్రోషం, నొచ్చుకోవడం, చిన్నబోవడం అని పద్దుల వారీగా ఇన్ని మాటలున్న భాషలో పుట్టి, కోపం, ఆకలి అనే రెండింటితో అరవై ఏళ్లు నెట్టుకొచ్చిన నా పొదుపును ఆమె మెచ్చుకోలేదు. తప్పు నాదో మా ఆవిడదో తేల్చమంటే తేల్చనూ లేదు. యాభై నిమిషాలు విని, డబ్బు తీసుకుని, తీర్పు చెప్పకుండా పంపించేవారిని నేనదే చూడడం.

పైగా ఇంటిపని ఇచ్చింది. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసి, జరిగినది ఒకదానిలో, అప్పుడు వచ్చిన ఆలోచన రెండవదానిలో, కలిగిన భావం మూడవదానిలో రాయాలి. గడులు గీయడం నాకు వెన్నతో పెట్టిన విద్య కనుక ఎర్ర సిరాతో మార్జిను కూడా కొట్టాను. తొలివారమంతా మూడవ గడిలో ‘వర్తించదు’ అని నింపాను. రెండవ వారం ఒక ఉదయం తొమ్మిదిన్నరకు పక్క వాటాలో కుర్రాడు ఆఫీసుకు స్కూటరు స్టార్టు చేశాడు. ఆ చప్పుడుకు నేను కుర్చీలోంచి లేచి, జేబు తడుముకుని, తాళంచెవుల కోసం చూసి, మళ్లీ కూర్చున్నాను. ఆ పూట మూడవ గడిలో ‘దిగులు’ అని రాసి, కొట్టివేసి, పక్కన మళ్లీ రాశాను.

ఆ పుస్తకం మా ఆవిడ కంటబడింది. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. “ఇది నాకు చెప్పొచ్చుగా, గిన్నెలెందుకు కదిపారు?” అంది. పదకొండు రోజుల తర్వాత మధ్యవర్తి లేకుండా నాకు అందిన మొదటి వాక్యం అది.

అయినప్పటికీ నా వ్యతిరేకతలో మార్పు లేదు. దానిని స్వయంగా నమోదు చేయించడానికే వచ్చే గురువారం అయిదు గంటలకు మళ్లీ ఆ అమ్మాయి ముందు కూర్చుంటున్నాను. ఈసారి మా ఆవిడ కూడా వస్తానంటోంది. తన దగ్గరా కొన్ని అభ్యంతరాలున్నాయట; వాటిలో మొదటిది అలకపాన్పు నాటిదట.