"నా తల, నా ఇష్టం" అంటే కుదరదు బావూ

మా శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. "హెల్మెట్ పెట్టుకోకపోతే పోయేది నా ప్రాణమే, ఎదుటివాడికి నష్టం లేదు. నా మంచి కోసం నన్ను బలవంతపెట్టడం రాజ్యాంగానికి విరుద్ధం. పైగా దానివల్ల మెడ విరుగుతుంది. ముందు రోడ్లు బాగు చేయండి. ఈ రోజు హెల్మెట్ అన్నవాళ్ళు రేపు ఆవకాయ మానమంటారు." ఇదీ దాని సారాంశం. మొదటిసారి చదివినప్పుడు నాక్కూడా నిజమే కదా అనిపించింది. అందుకే ఒక్కో మాటా పట్టుకుని చూశాను.

పోయేది నా ప్రాణమే అన్న మాట దగ్గర మొదలుపెడదాం. మా పిన్ని కొడుకు రెండేళ్ళ కిందట ఆమదాలవలస స్టేషన్లో అత్తగారిని రైలెక్కించి తిరిగొస్తుంటే కుక్క అడ్డం వచ్చింది. స్పీడు కూడా లేదు. పడ్డప్పుడు తల రోడ్డు అంచుకి కొట్టుకుంది. ప్రాణం పోలేదు. 108లో విశాఖ తీసుకెళ్ళారు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది, అంటే మనందరి డబ్బుతో. ఆ తర్వాత ఖర్చులకి ఎకరం పొలం తాకట్టులోకి వెళ్ళింది. వాడి కుడిచెయ్యి ఇప్పటికీ సరిగ్గా పనిచెయ్యదు. పదేళ్ళ కూతురు స్కూలుకి వెళ్ళేముందు నాన్న చొక్కా బొత్తాలు పెట్టి వెళ్తుంది. హెల్మెట్ ఆ రోజు ఇంట్లో గూట్లోనే ఉంది, అద్దం మీద ప్లాస్టిక్ పొర కూడా ఊడదీయలేదు. తల వాడిదే, కాదనను. బొత్తాలు పెట్టే పని మాత్రం ఆ పిల్ల మీద పడింది.

2022లో హెల్మెట్ లేకుండా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు దేశం మొత్తం మీద 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. బండి ఎంత జోరుగా పోవాలో, ఎక్కడ తిప్పాలో వాళ్ళ చేతుల్లో లేదు.

రాజ్యాంగం సంగతి 1988లోనే తేలిపోయింది. ఆ కేసు నడిచింది కూడా మన ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమం మీదే. హెల్మెట్ తప్పనిసరి చేస్తే స్వేచ్ఛగా తిరిగే హక్కు పోతుందన్న వాదనని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇక మెడ విరగడం: అమెరికాలో 40 వేలకి పైగా మోటార్ సైకిల్ ప్రమాదాలు పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, హెల్మెట్ ఉన్నవాళ్ళకి మెడ వెన్నుపూస గాయాలు 22 శాతం తక్కువని తేలింది. ఆ మెసేజ్ రాసినాయన దాన్ని ఎక్కడ తిరగేసి చదివారో!

ఇష్టం అనే మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఒక సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నిలబడి చూడండి. పోలీసు కనబడగానే మోచేతికి వేలాడుతున్న హెల్మెట్ తలకెక్కుతుంది, పట్టీ బిగించరు, నాలుగడుగులు దాటగానే మళ్ళీ మోచేతికి దిగుతుంది. బాగా ఆలోచించి "నాకు ఈ ప్రమాదం సమ్మతమే" అనుకున్నవాళ్ళు కారు వీళ్ళు. ఉక్క, జుట్టు చెదురుతుందని బెంగ, ఊళ్ళోనే కదా అనే ధీమా. కుర్రాళ్ళకైతే ఫ్రెండ్స్ "ఏటిరా, భయమా?" అంటారని సిగ్గు. "భయం కాదెహె, వెయ్యి రూపాయల ఫైన్" అని చెప్పుకోడానికి చట్టం వాడికి ఒక సాకు ఇస్తుంది. వియత్నాంలో 2007 డిసెంబరు 15న అందరికీ తప్పనిసరి చేస్తే, నిన్నటిదాకా ఉత్త తలలతో తిరిగిన ఊళ్ళు రాత్రికి రాత్రే మారిపోయాయి. ఒక్క రోజులో అంతమంది స్వభావం మారదు కదా, అందరూ పెట్టుకుంటున్నారు కాబట్టి ఎవరికీ నామోషీ లేకుండా పోయింది. (ఇంకో చిత్రం: పశ్చిమ జర్మనీలో 1980లో హెల్మెట్ జరిమానా పెట్టాక బండి దొంగతనాలు తగ్గాయి. దొంగతనానికి వచ్చేవాడు హెల్మెట్ వెంట తెచ్చుకోడుగా, ఉత్త తలతో పోతే పోలీసు ఆపుతాడు.)

రేపు ఆవకాయ మానమంటారా? అనరు. బీపీ ఉన్నవాడు ఆవకాయ మానడానికి రేపూ ఉంది, ఎల్లుండీ ఉంది. తారు రోడ్డుకి తల తగిలాక రేపన్నది ఉండదు. తుఫాను హెచ్చరిక వస్తే మన తీరంలో వేటకి వెళ్ళనివ్వరు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ గాలి చూసినవాళ్ళెవరూ "నా పడవ, నా ఇష్టం" అనరు. ఆ పడవ కోసం ఇంకొకరు సముద్రంలోకి దిగాల్సి వస్తుందని వాళ్ళకి తెలుసు.

రోడ్ల మాట మాత్రం నిజం, అందులో ఒక్క ముక్క కూడా కాదనను. గుంతలు పూడ్చమని గట్టిగానే అడగాలి. అవి పూడేదాకా హెల్మెట్ అవసరం ఇంకా ఎక్కువ, అంతే. జరిమానా తీరు మీదా నాకు గొడవ ఉంది. ఐఎస్ఐ గుర్తు లేనివి అమ్మకూడదని 2021 జూన్ నుంచి ఆదేశం ఉంది, అయినా చెట్టు కింద పీచు ముక్కల్లాంటివి అమ్ముడవుతూనే ఉన్నాయి. చలానా రాసే చోటే మంచి హెల్మెట్లు అమ్మించి, అక్కడికక్కడే కొన్న రసీదు చూపిస్తే ఆ వెయ్యీ వదిలేయాలి.