కట్‌సీన్లు అతికిస్తే సినిమా అయిపోదు

తిరుపతిలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఇప్పుడు ఒకటే మెసేజ్: ‘వీడియో గేమ్ కథంటే రెడీమేడ్ స్క్రీన్‌ప్లే. కట్‌సీన్లు (ఆట ఆపి మధ్యమధ్యలో చూపించే వీడియో ముక్కలు) వరసగా కలుపు, మంచి ఛాయిస్‌లు ఏరుకో, పేర్లు మార్చు, తీసెయ్. హక్కులు కొనక్కర్లేదు. ఆట ఆడక్కర్లేదు కూడా, యూట్యూబ్‌లో చూస్తే చాలు.’ చదివినవాళ్లు చదివినట్టే పక్కవాళ్లకు పంపేస్తున్నారు.

కట్‌సీన్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. ఆట ఆడుతూ, చీకటి ఇంట్లో సొరుగులు లాగి మీరు చదివిన ఉత్తరాలు కట్‌సీన్లో ఉండవు. అవి తీసేస్తే ఎవడు ఎవడి మీద ఎందుకు పగబట్టాడో అర్థం కాదు.

అసలు కొంప ముంచేది ‘మంచి ఛాయిస్‌లు ఏరుకో’ అన్న మాట. ఛాయిస్ అంటే కథ ఎటు పోవాలో ఆటగాడే తేల్చుకునే చోటు. 2010లో వచ్చిన హెవీ రెయిన్ అనే గేమ్ తీసుకోండి. కొడుకును కాపాడుకోవాలంటే ఈథన్ మార్స్ కెమెరా ముందు, అయిదు నిమిషాల్లో, తన వేలి ముక్క తనే కోసుకోవాలి. గదిలో వెతికితే గొడ్డలి, రంపం దొరుకుతాయి. కోసుకోకుండా వెళ్లిపోనూ వచ్చు. బటన్ మీద వేలు పెట్టి మీరు తటపటాయిస్తారు చూడండి, ఆ తటపటాయింపే సీను. సినిమా హాల్లో ఆ బటన్ ఎవరి చేతిలో ఉంది? అందుకే ఆ బరువంతా ఈథన్ మీదికి ఎక్కించాలి. రంపం ఎత్తాలి, దించాలి, తలుపు దాకా వెళ్లి వెనక్కి రావాలి. వెళ్లిపోయే దారి తెరిచే ఉందని ప్రేక్షకుడికి ముందే కనబడాలి. ఇదేమీ లేకుండా ‘మంచి ఛాయిస్’ ఏరుకుంటే తెర మీద మిగిలేది నెత్తురే.

పది చోట్ల రెండేసి దారులుంటే లెక్కకు 1,024 కథలు. అన్నీ విడివిడిగా తయారుచేయడం ఎవరి వల్లా కాదు కాబట్టి గేమ్ రాసేవాళ్లు దారులు చీల్చి మళ్లీ కలుపుతారు. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లెక్కినా, శ్రీవారి మెట్టు నుంచి 2,388 ఎక్కినా చేరేది తిరుమలే కదా. మీ ఆటలో ఆ కొండ ఏదో ముందు పట్టుకోండి. కనీసం మూడుసార్లు, వేర్వేరు దారుల్లో ఆడండి. సీనుకొక కార్డు రాయండి. మూడుసార్లూ వచ్చిన సీన్లు ఒక కట్ట, మారినవి ఇంకో కట్ట. మొదటి కట్టే కథకు వెన్నెముక. రెండోదాంట్లోంచి ముఖ్య పాత్రను కదిలించేవే తీసుకోండి. హెవీ రెయిన్‌లో మనం ఆడించే పాత్రలు నలుగురు. పేజీకి నిమిషం చొప్పున 120 పేజీల స్క్రీన్‌ప్లే నలుగురికీ సమానంగా పంచితే తలా అరగంట. అరగంటలో ఎవరితో కలిసి ఏడుస్తాం?

అంటిల్ డాన్ (2015) అనే గేమ్‌లో మనం ఆడించే పాత్రలు ఎనిమిది మందీ బతకొచ్చు, ఎనిమిది మందీ చావొచ్చు. ఆ గేమ్ మీద తీసిన 2025 సినిమా వాటిలో ఏ ముగింపునూ ఏరుకోలేదు. కొత్త మనుషుల్ని పెట్టి, చచ్చిన ప్రతిసారీ అదే రాత్రి మళ్లీ మొదలయ్యేలా చేశారు. సినిమా నచ్చిందా లేదా అన్నది వేరే మాట. ఆటగాడు ఓడి మళ్లీ ఆడే అలవాటునే వాళ్లు కథగా మార్చారు.

పేర్లు మారిస్తే హక్కులు అక్కర్లేదట! దొంగ బండికి నంబర్ ప్లేటు మార్చమని సలహా ఇచ్చినట్టుంది. ఆలోచన ఎవరి సొత్తూ కాదు, నిజమే. కానీ సీన్ల వరస, మాటలు, పాత్రలు అలాగే దింపితే 1957 కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. వ్యాపారం కోసం తెలిసి చేసినట్టు రుజువైతే 63వ సెక్షన్ ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఫార్వర్డ్ చేసినవాడు వచ్చి కడతాడా?

చివరిది, ‘ఆట ఆడక్కర్లేదు’. ఇందులో సగం ఒప్పుకోవాల్సిందే. రాసేవాడు తప్పకుండా ఆడాలి. డ్రాఫ్ట్ మొదట చదివేవాడు మాత్రం ఆ ఆట పేరు కూడా విని ఉండకూడదు. ఆడినవాడికి ఖాళీలు కనబడవు, గుర్తున్నదాంతో నింపేసుకుంటాడు. ఆడనివాడు ‘వీడెందుకు ఏడుస్తున్నాడన్నా?’ అని అడిగిన ప్రతి పేజీ మీదా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మళ్లీ రాయాల్సిన సీన్లు అవే.