కుంగిన నేల వానలతో లేవదు
భూగర్భజలాలను అతిగా తోడడం వల్ల కుంగిన నేల, నాలుగు మంచి వానలు పడి ఆ జలాలు నిండితే మళ్లీ మామూలు స్థాయికి వచ్చేస్తుందని మీ వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాటను ఒప్పుకోలేను. ఇసుక, గులకరాళ్ల పొరల వరకైతే కొంత నిజమే, నీళ్లు చేరితే అవి కాస్త తేరుకుంటాయి. అసలు చిక్కంతా బంకమట్టి పొరలతోనే. వాటి రేణువుల మధ్య ఉన్న నీటి ఒత్తిడి పైబరువులో కొంత మోస్తుంటుంది. అతిగా తోడేస్తే ఆ ఒత్తిడి పడిపోయి బరువంతా రేణువుల మీదే పడుతుంది, అవి నొక్కుకుపోతాయి. తర్వాత ఎంత నీరు ఇంకినా పాత ఖాళీ చాలావరకు తిరిగి రాదు. అంటే నేల ఎత్తే కాదు, నీళ్లు దాచుకునే చోటు కూడా పోయినట్టే, నాకు ఎక్కువ భయం వేసేది ఇదే. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో 1925, 1977 మధ్య ఒకచోట నేల దాదాపు 9 మీటర్లు దిగింది. ఇలాంటి చోట్ల లోతైన బోర్ల దగ్గర కేసింగ్ పైపు పైకి పొడుచుకొచ్చి, చుట్టూ పోసిన సిమెంటు దిమ్మె కింద సందు కనిపిస్తుంది. పైపు లేవలేదు, నేలే దిగింది. టోక్యోలో భూగర్భజలాల పంపింగ్‌పై ఆంక్షలు పెట్టాకే కుంగడం అదుపులోకి వచ్చింది, అంతేగానీ వానలు ఎక్కువ పడి కాదు. అక్కడ కూడా అప్పటికే సముద్రమట్టం కంటే దిగువకు పోయిన తూర్పు ప్రాంతాలను ఇప్పటికీ గట్లు, పంపులే కాపాడుతున్నాయి. దయచేసి వ్యాసంలో ఆ వాక్యం సరిచేయండి. అది చదివి ధీమాగా మరో బోరు వేసేవాళ్లు ఉంటారు.